మామగారి ‘సరే’ల పుస్తకం

పోయిన వారం మీరు నన్ను ప్లీడరు గారి గది గుమ్మంలో, తలవంచుకుని నిలబడ్డ చోట వదిలేశారు. అక్కడే నిలబడి ఉన్నా బాగుండేది. ఇంటికొచ్చాక పడ్డ పాట్లు చెప్పే ముందు, ఆ వారం పత్రిక అందనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పేస్తాను, మిగిలినవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

నేను టైపిస్టును. ప్లీడరు గారి కాగితాలు ఇంట్లో కంప్యూటరు మీద టైపు చేసి పంపుతాను. పదకొండేళ్ళుగా ఇదే పని. ప్రస్తుతం ఆయన ఒక ప్రింటింగ్ ప్రెస్సు తాలూకు దావా నడుపుతున్నారు. ప్రెస్సు యజమాని పోయాడు. ఆయన భార్య మా పక్షం, ఆయన భాగస్వామి అవతలి పక్షం. ఆ భాగస్వామిని కోర్టులో అడగబోయే ప్రశ్నలన్నీ నేనే టైపు చేశాను. తీరా అడిగేసరికి ఆ పెద్దమనిషి బట్టీపట్టి వచ్చినవాడిలా గడగడా చెప్పేశాడు. మూడు వారాల కిందట మొదటిసారి అలా జరిగినప్పుడు, “ఎక్కడైనా మాట జారావా అమ్మా?” అని మెత్తగానే అడిగారు ప్లీడరు గారు. మొన్న సోమవారం రెండోసారి జరిగింది. ఈసారి మెత్తదనం లేదు. “ఆ ప్రశ్నలు చూసింది నువ్వూ నేనూ. నేనెవరికీ చెప్పలేదు” అన్నారు. శనివారం సాయంత్రం ఐదింటికి ఫోన్ చేస్తానన్నారు. ఎలా బయటికి పోయాయో అప్పటికి నేను తేల్చాలి. తేల్చకపోతే ఈ పని పోతుంది, కోర్టు వీధిలో ఇంకే ప్లీడరూ నా చేతికి ఒక్క కాగితం ఇవ్వడు.

ఇవాళ శనివారం.

తొమ్మిదింటికి స్క్రూడ్రైవరు వచ్చింది. అది నా బడి స్నేహితురాలికి మేం పెట్టిన పేరు. చిన్నప్పుడు క్లాసులో అందరి పెన్నులూ విప్పేసి, మళ్ళీ బిగించడం చేతకాక చీవాట్లు తినేది. ఇప్పుడు బస్టాండు పక్క సందులో కంప్యూటర్లు బాగుచేసే కొట్టు నడుపుతోంది. విప్పినవి బిగించడం కూడా నేర్చుకుంది.

మా కంప్యూటరు వంటింటికీ ముందు గదికీ మధ్య నడవలో ఉంటుంది. ఒక పక్క ఫ్రిజ్జు, ఇంకో పక్క ఇస్త్రీ బల్ల. తెర కింద అంచుకి ఒక కాగితం ముక్క అంటించి ఉంటుంది, దాని మీద పాస్‌వర్డు. ఇంటిల్లిపాదికీ అదొక్కటే. స్క్రూడ్రైవరు ముందు ఆ కాగితాన్ని చూసింది, తర్వాత నన్ను చూసింది.

“ఇదేంటే? వీధి తలుపుకి తాళం వేసి తాళంచెవి దానికే వేలాడదీసినట్టు?”

“మామగారికి గుర్తుండదని అంటించాను. నువ్వు ముందు పని చూడు.”

కంప్యూటరు ఆన్ చేసింది. తెర వెలగడానికి నాలుగు నిమిషాలు పట్టింది. వెలిగీ వెలగ్గానే ఒక పెట్టె ఎగిరొచ్చింది, మీ కంప్యూటరులో నలభై ఏడు లోపాలున్నాయి, సరిచేయమంటారా అని. దాని నెత్తి మీద ఇంకొకటి, మీకు బహుమతి వచ్చింది, తీసుకుంటారా అని. మూడోది ఊరికే ‘సరేనా?’ అని మాత్రమే అడిగింది. దేనికి సరేనో చెప్పలేదు.

స్క్రూడ్రైవరు దేనికీ జవాబివ్వలేదు. వెనక్కి చెయ్యి పోనిచ్చి ఇంటర్‌నెట్ వైరు పీకేసింది.

“ముందు దీనికి బయటివాళ్ళతో మాటలు కట్. లోపల ఎవడైనా కూచునుంటే, మనం వెతుకుతున్న కబురు బయటికి పంపకుండా.”

“అయ్యో! అమ్మాయ్, అది ప్రశ్న అడిగింది కదా! జవాబు చెప్పకుండా వైరు పీకేస్తే ఎలా?”

ఆ గొంతు మా మామగారిది. టెలిగ్రాఫ్ ఆఫీసులో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి రిటైరయ్యారు. రోజూ పొద్దున్న ఏడింటికి స్నానం చేసి, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, ఈ కంప్యూటరు ముందు కూర్చుంటారు. వార్తలు చదువుకుంటున్నారు, పోనీలే కాలక్షేపం అనుకునేదాన్ని. ఇన్నాళ్ళూ ఆ కాలక్షేపం ఏమిటో నాకు తెలియదు. ఇవాళ తెలిసింది.

ఆయన చేతిలో రెండువందల పేజీల నోటుపుస్తకం ఉంది. అట్ట మీద ఏమీ రాసి లేదు. లోపల ప్రతి పేజీకీ స్కేలుతో గీసిన ఐదు గళ్ళు. తేదీ, వేళ, వచ్చిన సందేశం, ఇచ్చిన జవాబు, జవాబిచ్చినవారు.

“ఏమిటి మామయ్య గారూ ఇది?”

“సందేశాల పుస్తకం. వచ్చిన సందేశాన్ని అందినట్టు చెప్పకుండా వదిలేస్తే పంపినవాడు ఎదురుచూస్తూ ఉండిపోతాడమ్మా. నా సర్వీసులో ఒక్క సందేశం కూడా జవాబు లేకుండా పోలేదు.”

స్క్రూడ్రైవరు పుస్తకం అందుకుని పేజీలు తిప్పింది. నేను భుజం మీంచి చూశాను. మీ కంప్యూటరు వేగం పెంచమంటారా? సరే. వాతావరణం చెప్పమంటారా? సరే. మీ మొదటి పేజీ మార్చమంటారా? సరే. మీ వివరాలు మా మిత్రులతో పంచుకోమంటారా? సరే. ఏడాదిన్నరగా, రోజుకు ఆరేడు చొప్పున, ముత్యాల్లాంటి అక్షరాలతో, సరే, సరే, సరే.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“అన్నిటికీ సరేనా? ఒక్కదానికైనా వద్దనాలనిపించలేదా?”

“మర్యాదగా అడిగితే వద్దని ఎలా అంటామమ్మా? అన్నిట్లోనూ ‘దయచేసి’ అని ఉంది.”

స్క్రూడ్రైవరు నవ్వు ఆపుకోవడానికి ఫ్రిజ్జు వైపు తిరిగింది. నాకు నవ్వు రాలేదు. మా పుట్టింట్లో అయితే ఇలాంటివి జరగవని, మా నాన్న తెలియని బొత్తాం జోలికి పోడని, మా తమ్ముడు కంప్యూటర్లు చదువుకున్నవాడు కాబట్టి వాడు పెట్టిన క్రమశిక్షణే వేరని ఒక పెద్ద ప్రసంగం చేశాను. మామగారు ఆ ప్రసంగమంతా శ్రద్ధగా విన్నారు. చివర్లో, ఇది కూడా పుస్తకంలో రాయాలా అన్నట్టు నా వైపు చూశారు.

స్క్రూడ్రైవరు పనిలో దిగింది. తన సంచిలోంచి పెన్‌డ్రైవు తీసి, దాంట్లోంచి ఒక వెతుకుడు ప్రోగ్రాము నడిపించింది. అది నడుస్తుండగా నాకు పాఠం చెప్పింది.

“వైరస్ అంటే అల్లరి చేసేది. ఫైళ్ళు చెరిపేస్తుంది, మిషన్ని పడుకోబెడుతుంది, వచ్చినట్టు నీకు తెలుస్తుంది. ఇవి అలా కాదు. ఇవి గూఢచారులు. వీటికి నీ ఇల్లు నిలబడి ఉండాలి, నువ్వు రోజూ పని చేసుకుంటూ ఉండాలి. నువ్వేం చూస్తున్నావు, ఏం కొడుతున్నావు, ఏ పాస్‌వర్డు వేస్తున్నావు, అన్నీ రాసుకుని బయటికి పంపుతాయి. మిషను నెమ్మదించిందా, ఇంటర్‌నెట్ తెరవగానే వచ్చే మొదటి పేజీ తనంతట తను మారిందా, అడగని పెట్టెలు ఎగురుతున్నాయా, అప్పుడే అనుమానం రావాలి.”

“ఏడాది నుంచీ నెమ్మదిగానే ఉంది. పాతదైపోయింది అనుకున్నాను.”

“అందరూ అదే అనుకుంటారు, నా ప్రాణం తీస్తారు.”

అప్పుడు పడగ్గదిలోంచి మా ఆయన వచ్చాడు. శనివారం ఆయనకి సెలవు. మోటారు విడిభాగాల గోడౌనులో స్టోర్‌కీపరు ఉద్యోగం. తెర చూసి, తండ్రి చేతిలో పుస్తకం చూసి, పెదవి విరిచాడు.

“ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నాను, నాన్న చేత అది ముట్టించొద్దని. ఇంత వెతుకులాట ఎందుకండీ, మొత్తం చెరిపేసి మళ్ళీ కొత్తగా వేసేయండి. పీడా వదిలిపోతుంది.”

“చెరిపేస్తే సాయంత్రం మీ ఆవిడ ప్లీడరు గారికి ఏం చూపిస్తుంది?” అంది స్క్రూడ్రైవరు తల ఎత్తకుండా.

“చూపించడానికి ఏముంటుంది లెండి, చెత్త తప్ప” అని గొణుక్కుంటూ ముందు గదిలోకి వెళ్ళిపోయాడు. ఆయన ఎప్పుడూ గొణుగుతాడు కాబట్టి నేను పట్టించుకోలేదు.

వెతుకుడు ముగిసింది. ముప్పై ఒక్క ప్రోగ్రాములు దొరికాయి. వాటిలో మూడు, గూఢచారుల్ని పట్టిస్తామని వచ్చి కూచున్న గూఢచారులే. స్క్రూడ్రైవరు ఒక్కొక్కటీ పేరు చదవడం, మామగారు పుస్తకంలో వెతికి అది వచ్చిన తేదీ చెప్పడం. ఇద్దరికీ పని భలే కుదిరింది. నాకు మాత్రం తల ప్రాణం తోకకొచ్చింది.

“వాతావరణం పట్టీ.”

“పోయిన సంవత్సరం, జూన్ నాలుగో తేదీ, ఏడు గంటల పది నిమిషాలు. జవాబిచ్చినది నేను.” ఆపైన ఆయన బతిమాలుతున్నట్టు, “అది ఉండనివ్వమ్మా, వాన వస్తుందో రాదో చెబుతుంది” అన్నారు.

“కిటికీ తీస్తే తెలియదా మామయ్య గారూ?” అన్నాను.

“పాటలు ఉచితంగా దించే ప్రోగ్రాము. దీంతో పాటు ఇంకో నాలుగు తగులుకున్నాయి.”

“అది మా వాడు. జవాబిచ్చినది, కుమారుడు.”

“చూశారా!” అన్నాను ముందు గదిలోకి వినబడేట్టు.

“కొత్త అక్షరాల మూట. అందమైన ఫాంట్లు ఉచితం అని. ఇది ఎక్కిస్తున్నప్పుడు కింద మూడు గళ్ళల్లో టిక్కులు ముందే పెట్టి ఉంటాయి, అవి తీసేయకుండా ముందుకు పోతే ఇంకో మూడు ప్రోగ్రాములు వెంటబడి వస్తాయి. వచ్చాయి కూడా. ఇది ఎవరు, బాబాయి గారూ?”

మామగారు కళ్ళజోడు సర్దుకున్నారు. పేజీ మీద వేలు పెట్టారు. పాపం, చెప్పడానికి ఆయనకే మొహమాటం వేసింది.

“జవాబిచ్చినది, కోడలు.”

నేను నోరు మూసుకుని టీ పెట్టడానికి వెళ్ళాను.

టీ తెచ్చేసరికి స్క్రూడ్రైవరు మొహం మారిపోయింది. ముప్పై ఒకటీ ఒక పక్కకి చేర్చి, కంప్యూటరు పెట్టగానే తమంతట తామే లేచే ప్రోగ్రాముల జాబితా తెరిచింది. అందులో ఒక పేరు దగ్గర ఆగింది. చూడ్డానికి కంప్యూటరు సొంత సామానులాగే ఉంది ఆ పేరు. మామూలు జాబితాలో కనబడదట. దాన్ని తవ్వితే లోపల ఒక అర తెరుచుకుంది. అందులో బొమ్మలు. వేలకు వేలు. ఒకటి తెరిచింది.

నా తెర. నేను టైపు చేసిన కాగితం. ‘ప్రశ్న పన్నెండు: రసీదు మీద సంతకం చేసిన రోజున మీరు ఊళ్ళో ఉన్నారా?’ ఇంకొకటి తెరిచింది. ప్రశ్న పదమూడు. నిమిషానికొక బొమ్మ. పక్కనే నేను కొట్టిన ప్రతి అక్షరం, కొట్టి చెరిపేసిన తప్పుతో సహా, వరసగా రాసి ఉంది.

ఇస్త్రీ బల్ల పట్టుకుని నిలబడ్డాను. మూడు వారాలుగా కనబడ్డవాళ్ళందరితోనూ, మా ఇంట్లోంచి పోలేదు, ప్లీడరు గారి ఆఫీసులోనే ఎవరో ఉన్నారని ఒట్లు వేసి మరీ చెబుతున్నాను.

“ఇది కూడా ఆ సరేల్లో వచ్చిందేనా?”

“కాదే” అంది స్క్రూడ్రైవరు నెమ్మదిగా. “ఆ చెత్తంతా మీరు పిలిస్తే వచ్చింది. అవి ఊరందర్నీ చూస్తాయి, నీకు సబ్బులు అమ్ముదామని. ఇది నిన్ను మాత్రమే చూస్తుంది. ఎవరో వచ్చి, ఈ కుర్చీలో కూచుని, పాస్‌వర్డు కొట్టి, చేత్తో పెట్టారు. బొమ్మలన్నీ ఇంటర్‌నెట్ మీద ఒకచోటికి పంపుతోంది. అక్కడ తాళం తెలిసినవాడు ఎక్కణ్ణించైనా చూసుకోవచ్చు.”

“ఎప్పుడు పెట్టారు?”

“రెండున్నర నెలల కిందట. పదహారో తేదీ, పదకొండు గంటల ఇరవై నిమిషాలకి.”

ఇద్దరం ఒక్కసారే మామగారి వైపు తిరిగాం. ఆయన అప్పటికే పేజీలు తిప్పుతున్నారు.

“పదహారు. ఆదివారం. పదకొండు గంటల పద్దెనిమిది నిమిషాలు. సందేశం: ఈ ప్రోగ్రాము మీ కంప్యూటరులో మార్పులు చేయడానికి ఒప్పుకుంటారా? జవాబు: ఒప్పుకుంటాను.” అక్కడ ఆగిపోయారు.

“ఎవరిచ్చారు మామయ్య గారూ జవాబు?”

“నేను కాదమ్మా. ఆ రోజు నన్ను లేపి తను కూర్చున్నాడు. అయినా పక్కన నిలబడి రాసుకున్నాను.”

“ఎవరు?”

ఆయన పుస్తకం నా వైపు తిప్పారు. ఐదో గడిలో, అవే ముత్యాల్లాంటి అక్షరాలతో, ‘కోడలి తమ్ముడు’ అని ఉంది.

మా పుట్టింటి గురించి నేను చేసిన ప్రసంగం ఇంకా ఆ నడవలోనే ఉన్నట్టు అనిపించింది. స్క్రూడ్రైవరు నా మొహం చూడకుండా తెర వైపు తిరిగి కూచుంది. స్నేహితురాలు కాబట్టి ఆ మాత్రం దయ చూపించింది.

ఫోన్ తీసి తమ్ముడికి కొట్టాను. హడావిడిలో వేలు ఎక్కడ తగిలిందో, స్పీకరు ఆన్ అయింది. ఇంట్లో అందరికీ వినబడుతోంది, వినబడనీ అనుకున్నాను.

“ఏరా, రెండున్నర నెలల కిందట మా ఇంటికొచ్చినప్పుడు కంప్యూటరులో ఏం పెట్టావు?”

“ఏదక్కా? ఓ, అదా? చూసుకునే ప్రోగ్రాము” అన్నాడు వాడు నిమ్మకు నీరెత్తినట్టు. “ఏం, పనిచెయ్యట్లేదా?”

“పనిచెయ్యట్లేదా అంటావేంరా! ఎవర్నడిగి పెట్టావు?”

“బావ పెట్టమన్నాడక్కా. మీ మామగారు ఏది పడితే అది నొక్కేస్తున్నారట కదా. ఆఫీసులో కూచుని ఓ కన్నేసి ఉంచుతానన్నాడు. నేను పెట్టి, తాళం బావకిచ్చి వచ్చేశాను. నీకు చెప్పేశానన్నాడే!”

ఫోన్ పెట్టేశాను. పెట్టేశానో, కింద పడేశానో గుర్తు లేదు.

ముందు గదిలో మా ఆయన లేడు. బాల్కనీలో ఉన్నాడు. తీగ మీద ఆరిన బట్టలు తీసి మడతలు పెడుతున్నాడు. పెళ్ళయిన పదిహేనేళ్ళలో ఆ తీగ ఎక్కడుందో ఆయనకి తెలుసునని నేను ఇవాళే చూశాను.

“ఆ దుప్పటి అక్కడ పెట్టి ఇలా రండి.”

వచ్చాడు. దుప్పటి మాత్రం పెట్టలేదు, ఛాతీకి హత్తుకుని పట్టుకున్నాడు.

“నాన్న కోసం పెట్టించాను” అన్నాడు నేను అడక్కముందే. “రోజుకో కొత్త చెత్త తెచ్చి పెడుతున్నాడు. ఆఫీసులోంచి చూస్తూ ఉంటే, ఏది నొక్కాడో తెలిస్తే సాయంత్రం వచ్చి తీసేయొచ్చు కదా అని. నీ టైపింగు చూద్దామని కాదు.”

“చూద్దామని కాదు సరే. కనబడేదా లేదా?”

“తెర మీద ఏముంటే అది కనబడుతుంది.”

“సాయంత్రం వచ్చి ఎన్ని తీశారు? ముప్పై ఒకటి ఉన్నాయి లోపల!”

దుప్పటిని ఇంకో చేతికి మార్చుకున్నాడు.

“ప్లీడరు గారు మొదటిసారి నన్ను అడిగిన రోజు, ఇంటికొచ్చి మీకు చెప్పానా?”

“చెప్పావు.”

“కంచం ముందు కూచుని ఏడ్చానా? మీరేమన్నారు?”

“సర్దుకుంటుందిలే అన్నాను.”

“అప్పటికి మీకు తట్టిందా? ఈ బొమ్మలు మీ ఆఫీసు తెర మీద తెరిచి ఉంటున్నాయని, అక్కణ్ణించే పోయుంటాయని, తట్టిందా లేదా?”

దుప్పటి అంచు మడిచాడు. “తట్టింది” అన్నాడు.

నాకు కోపం రాలేదంటే అబద్ధం. కానీ కోపం కంటే ముందు ఇంకేదో వచ్చింది. మూడు వారాలు. ఆ మూడు వారాల్లో నేను ప్లీడరు గారి గుమాస్తాని అనుమానించాను, కాగితాలు తెచ్చే మనిషిని అనుమానించాను, చివరికి నేనే ఎక్కడైనా వాగానేమోనని నన్ను నేనే అనుమానించుకున్నాను. ఈ మనిషి రోజూ నా ఎదురుగా కూచుని తిని, చెయ్యి కడుక్కుని లేచాడు. ఆ సంగతి మింగుడుపడలేదు.

“ఆఫీసులో ఆ తెర కట్టేసి వెళ్ళేవారా, భోజనానికి లేచినప్పుడు?”

“అందరూ వాడుకునే కంప్యూటరది. కట్టేస్తే అరుస్తారు.”

“పాస్‌వర్డు?”

“కాగితం మీద రాసి అంటించే ఉంటుంది” అన్నాడు, తండ్రికి తగ్గ కొడుకు. నాకు తగ్గ మొగుడు అనాలేమో. మా తెరకి కాగితం అంటించింది నేనే కదా.

వెనక కుర్చీ కిర్రుమంది. మామగారు లేచి నిలబడ్డారు. ఆయన అక్కడున్నారన్న సంగతి మేమిద్దరం మర్చిపోయాం.

“నన్ను చూడటానికా అబ్బాయ్, పెట్టించావు?”

మా ఆయన తల దించుకున్నాడు.

“ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో నా వెనక నిలబడి నా పని ఎవడూ చూడలేదు. చూడాల్సిన అవసరం రాలేదు. తప్పు చేస్తున్నాను అనుకుంటే ఎదురుగా కూచుని చెప్పొచ్చుగా? నేర్చుకునేవాణ్ణి.” గొంతు పెంచలేదు. నోటుపుస్తకం మూసి, చంకలో పెట్టుకుని, తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. పొద్దుట్నుంచీ ఆయన్ని దులిపేసిన నా నాలుక అప్పుడు నా నోట్లోనే బరువెక్కింది.

మధ్యాహ్నమంతా స్క్రూడ్రైవరు పనే. ముందు ఆ బొమ్మలూ, తేదీలూ, అన్నీ విడిగా ఒక డ్రైవు మీదకి తీసి నా చేతికిచ్చింది. “ఇది నీ సాక్ష్యం. చెరపడం ఎప్పుడైనా చెరపొచ్చు, చెరిపింది తిరిగి తేవడం మాత్రం కుదరదు” అంది. అప్పుడు గానీ ముప్పై రెండూ పెకలించలేదు. పెకలించి, కంప్యూటరు కట్టేసి మళ్ళీ పెట్టి, ఇంకోసారి వెతికింది. రెండు మొండివి తిరిగి మొలిచాయి. వాటినీ తీసింది. మూడోసారి వెతికితే ఏమీ దొరకలేదు. నా పాస్‌వర్డులన్నీ ఈ కంప్యూటరు మీద కాకుండా తన ఫోనులోంచి మార్పించింది. ఇంట్లో ముగ్గురికీ మూడు ఖాతాలు పెట్టింది. కొత్త ప్రోగ్రాము ఎక్కించే అధికారం ఒక్క ఖాతాకే, దాని పాస్‌వర్డు నా బుర్రలోనే. తెర కింద కాగితాన్ని తనే చింపింది. కంప్యూటరు తనంతట తను కొత్త మరమ్మతులు, అంటే అప్‌డేట్లు, తెచ్చుకునేట్టు పెట్టింది, ఏడాదిన్నరగా అది అడుగుతుంటే రేపు చూద్దాం అని నేను దాటేసిన మరమ్మతులు. ఏది కావాలన్నా దాన్ని తయారుచేసినవాళ్ళ సొంత చోటి నుంచే తెచ్చుకోవాలి తప్ప, ఉచితం అని అరిచేవాడి దగ్గర కాదని నాచేత రెండుసార్లు అనిపించింది.

తర్వాత మామగారి తలుపు తట్టింది.

“బాబాయి గారూ, మీరొచ్చి నేర్చుకోవాలి. మీరుంటేనే నేను వెళ్తాను.”

వచ్చారు. పుస్తకం లేకుండా వచ్చారు.

“పెట్టె ఎగిరొస్తే సరే నొక్కొద్దు. వద్దు అన్నది కూడా నొక్కొద్దు. వద్దు అని రాసిన బొత్తాం వెనక కూడా సరే ఉండొచ్చు. ఆ కిటికీ మొత్తం మూసేయండి.”

“జవాబివ్వకుండానా?”

“జవాబివ్వకుండానే. వీళ్ళు తంతి పంపినవాళ్ళు కాదు బాబాయి గారూ. కిటికీలోంచి తొంగిచూసేవాళ్ళు.”

ఆయన ఆలోచించారు. “తొంగిచూసేవాడికి జవాబివ్వక్కర్లేదు” అన్నారు. తనకి తనే చెప్పుకున్నట్టు ఇంకోసారి అన్నారు. మా ఆయన వైపు మాత్రం చూడలేదు.

స్క్రూడ్రైవరు వెళ్ళేసరికి నాలుగున్నర. మా ఆయన ముందు గది సోఫాలో, మడత పెట్టిన బట్టల పక్కన కూచున్నాడు. నేను ప్లీడరు గారికి ఏం చెప్పాలో మనసులో టైపు చేసుకుంటున్నాను. పేరు లేకుండా చెప్పొచ్చు. ఏదో గూఢచారి ప్రోగ్రాము దూరిందండీ, తీయించేశానండీ, అంటే చాలు. అబద్ధం కూడా కాదు. నా పని నిలబడుతుంది, నా మొగుడి పరువు నిలబడుతుంది. పావుగంట సేపు ఆ వాక్యాన్ని అటు తిప్పి ఇటు తిప్పి సాపు చేశాను.

ఐదింటికి ఇంకా రెండు నిమిషాలుండగా ఫోన్ మోగింది.

“ఏం తేల్చావమ్మా?”

సాపు చేసిన వాక్యం నోటిదాకా వచ్చింది. ఆ మనిషి నన్ను పదకొండేళ్ళు నమ్మాడు. నమ్మి, సోమవారం నాడు కూడా అరవకుండా గడువిచ్చాడు. ఆ గొంతు విన్నాక ఆ వాక్యం అనలేకపోయాను.

“మా ఇంట్లోంచే పోయాయండీ.” అన్న తర్వాత మిగతాదంతా ఒక్క ఊపులో వచ్చేసింది. ప్రోగ్రాము, బొమ్మలు, తమ్ముడు, మా ఆయన, గోడౌను తెర, ఎవరైనా చూడగలిగేట్టు అంటించిన కాగితం. దేన్నీ దాచలేదు. “నాకు తెలియదన్న మాట నిజం. నా బాధ్యత కాదన్న మాట మాత్రం తప్పండీ. సాక్ష్యం తీసిపెట్టాను. సోమవారం తెస్తాను, ఆపైన మీ ఇష్టం.”

అవతల కాగితాలు తిప్పుతున్న శబ్దం వినబడింది.

“మీ ఆయన నాన్నగారి కోసమే పెట్టించానన్నాడా?”

“అవునండీ.”

“నువ్వు నమ్మావా?”

ఆ ప్రశ్న నాకు అర్థం కాలేదు. “తప్పు చేశారు, దాచారు. కానీ అందులో అబద్ధమేముందండీ?”

“నీ పని సంగతి తర్వాత మాట్లాడుకుందాం. నిజం చెప్పావు, అది నేను మర్చిపోను. ముందు ఇది విను. అవతలి పక్షం వాళ్ళ సాక్షుల జాబితా మధ్యాహ్నం నా చేతికొచ్చింది. తొమ్మిది పేర్లున్నాయి. నేను మూడోదాని దగ్గర ఆగిపోయి, వేరే ఎవరో అయ్యుంటారులే అనుకున్నాను. తండ్రి పేరు, ఇంటి నంబరు కూడా రాశారమ్మా. మీ ఇల్లే. మీ ఆయనే.”

ఫోను చెవికి ఆనించుకునే వెనక్కి తిరిగాను. సోఫా ఖాళీగా ఉంది. మా ఆయన వీధి గుమ్మం దగ్గర వంగి, గబగబా చెప్పులు తొడుక్కుంటున్నాడు.